ఐదొందల వోన్ల నోటూ, అతకని ఓడా

మా ఆఫీసులో ఏడాదికోసారి ఒక ట్రైనింగు ఉంటుంది. పేరు మారుతుంది గానీ సరుకు ఒకటే. ఈసారి వచ్చిన పెద్దాయన మూడో స్లైడులో ఒక పాత కొరియా నోటు బొమ్మ పెట్టాడు. ఐదొందల వోన్ల నోటు. దాని వెనక తాబేలు ఆకారంలో ఒక ఓడ. "ఈ నోటు చూపించి ఒకాయన లండన్‌లో అప్పు తెచ్చుకుని ప్రపంచంలోకెల్లా పెద్ద షిప్‌యార్డు కట్టాడు. మీరేమో సర్వర్ స్లోగా ఉందని కంప్లైంట్ చేస్తున్నారు" అన్నాడు. అందరం నవ్వాం. చప్పట్లు కూడా కొట్టాం.

అసలు చర్చ తర్వాత క్యాంటీన్లో టీ దగ్గర మొదలైంది. మా టీమ్‌లో ఒకతను "వాళ్ళకి పార్క్ చుంగ్ హీ లాంటోడు దొరికాడు, కర్ర పట్టుకుని పని చేయించాడు. మనకి డెమోక్రసీ ఎక్కువైపోయింది బాస్" అన్నాడు. నేనూ తలూపాను. ఆ టేబుల్ దగ్గర తలూపనివాడు లేడు. ఇంజినీరింగ్ చదివే రోజుల్నుంచీ మనం తలూపుతూ వస్తున్న మాటే కదా ఇది.

ఇంటికొచ్చాక ఆ నోటు సంగతేంటో చూద్దామని మొదలుపెట్టి, రెండు మూడు వారాలు హ్యుందాయ్ హెవీ ఇండస్ట్రీస్ చరిత్ర చదువుతూ కూర్చున్నాను. చదివాక ఆ రోజు తలూపినందుకు కొంచెం సిగ్గేసింది. ఎందుకో చెప్తాను.

ముందు ఆ మనిషి గురించి. చుంగ్ జూ యుంగ్ 1915లో, ఇప్పుడు ఉత్తర కొరియాలో ఉన్న ఒక పల్లెలో పుట్టాడు. పేద రైతు కుటుంబానికి పెద్ద కొడుకు. వ్యవసాయం వద్దని ఇంట్లోంచి నాలుగుసార్లు పారిపోయాడు. అందులో ఒకసారి వాళ్ళ నాన్న ఆవుని అమ్మి దాచుకున్న 70 వోన్లు పట్టుకుని మరీ పారిపోయాడు. సియోల్‌లో బియ్యం కొట్లో బస్తాలు మోశాడు, తర్వాత కార్ల రిపేరు షాపు పెట్టాడు, 1947లో కన్‌స్ట్రక్షన్ కంపెనీ మొదలుపెట్టాడు. 1967లో కార్ల కంపెనీ. 1970లో పూర్తయిన సియోల్-బుసాన్ హైవే (428 కిలోమీటర్లు) కట్టిన కాంట్రాక్టర్లలో ముఖ్యుడు. మన రోడ్ల మీద తిరిగే హ్యుందాయ్ కార్లు ఆ 67 నాటి కంపెనీవి. ఓడల కంపెనీ 2002లో గ్రూపు నుంచి విడిపోయింది. ఇప్పుడు రెండిటికీ ఇంటిపేరు మాత్రమే కామన్.

సరే, నోటు దగ్గరికి వద్దాం. ఈ కథని మనకి 'ఒక మనిషి కల' లాగా చెప్తారు. కానీ ఓడలు కట్టాలన్న పట్టుదల చుంగ్ కన్నా ముందు ప్రభుత్వానిది. 1968లో పోహాంగ్‌లో ఉక్కు కంపెనీ పెట్టారు. ఆ ఉక్కు ప్లేట్లు కొనేవాడు కావాలి. ఓడ అంటే సగం ఉక్కు ప్లేట్లే. అందుకని అధ్యక్షుడు పార్క్ చుంగ్‌ని పట్టుకున్నాడు. చుంగ్ అమెరికా, జపాన్ తిరిగాడు, ఎవడూ అప్పివ్వలేదు. నావల్ల కాదని చేతులెత్తేస్తే పార్క్ కోప్పడి, ఇది వదిలేస్తే ఇక ముందు ప్రభుత్వం నుంచి నీకేమీ రాదన్నట్టు మాట్లాడాడని చుంగే తర్వాత చెప్పుకున్నాడు. అంటే ఆయన లండన్ ఫ్లైటు ఎక్కింది కల కనో, వెనక గొయ్యి ఉందనో చెప్పడం కష్టం. రెండూ కావచ్చు.

1971లో లండన్‌లో ఏ అండ్ పీ ఆపిల్‌డోర్ అనే షిప్‌యార్డు కన్సల్టెన్సీ ఛైర్మన్ లాంగ్‌బాటమ్ దగ్గర కూర్చున్నాడు. ఆయన మీ దేశానికి ఓడలు కట్టే సత్తా ఉందా అన్నట్టు చూశాడు. అప్పుడు మనవాడు జేబులోంచి నోటు తీశాడు. అడ్మిరల్ యీ సున్ సిన్ 1592లో జపాన్ వాళ్ళతో యుద్ధానికి వాడిన తాబేలు ఓడ ఇది, మీరు ఇనప ఓడలు కట్టడానికి మూడొందల ఏళ్ళ ముందే మేం కట్టాం అన్నాడు. (ఆ ఓడకి నిజంగా ఇనప తొడుగు ఉందా లేదా అని చరిత్రకారులు ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు. సేల్స్ వాళ్ళకి అవన్నీ అనవసరం కదా.)

ఇక్కడ మా ట్రైనర్ గారు మింగేసిన సంగతి ఒకటుంది. నోటు చూపిస్తే అప్పు రాలేదు. నోటు చూపిస్తే సిఫార్సు వచ్చింది, అంతే. ఆ సిఫార్సుతో బార్‌క్లేస్ బ్యాంకు ఊఁ అంది. కానీ బ్రిటిష్ ప్రభుత్వపు ఎగుమతి ఋణాల హామీ శాఖ అడ్డంపడింది. ఓడలు కొనేవాడెవడో చూపించు, అప్పుడు హామీ ఇస్తాం అంది. యార్డు లేనివాడి దగ్గర ఓడ కొనేవాడు ఎవడుంటాడు? దొరికాడు. గ్రీకు ఓడల వ్యాపారి జార్జ్ లివనోస్. మిపో తీరం ఫోటో ఒకటి, అందులో ఇసక, పైన్ చెట్లు, కాసిని ఇళ్ళు. అది చూపించి 2 లక్షల 60 వేల టన్నుల తరగతి ఆయిల్ ట్యాంకర్లు రెండు అమ్మేశాడు చుంగ్. ఒక్కోటి సుమారు 3 కోట్ల డాలర్లు. మార్కెట్ రేటు కన్నా తక్కువ, పైగా తేడా వస్తే డబ్బు వాపసు. అప్పటిదాకా కొరియాలో కట్టిన అతి పెద్ద ఓడ 20 వేల టన్నులు కూడా లేదు. ఇంత చేసినా, మొత్తం వ్యవహారం వెనక కొరియా ప్రభుత్వం పూచీ ఉండబట్టే బండి కదిలింది.

1972 మార్చి 23న ఉల్సాన్‌లో శంకుస్థాపన. 1974 జూన్ 28న యార్డు పూర్తయిన పండగా, మొదటి రెండు ఓడల నామకరణమూ ఒకే రోజు. రెండేళ్ళ మూడు నెలలు. డాక్ తవ్వుతూనే ఓడ ముక్కలు వెల్డింగ్ చేశారు. మన భాషలో చెప్పాలంటే, సర్వర్లు రాకముందే కోడింగ్ మొదలెట్టి, రెండూ ఒకే రోజు ప్రొడక్షన్‌లో పెట్టారన్నమాట. ఇక్కడిదాకా చప్పట్లు కొట్టాల్సిందే. నాకే అభ్యంతరమూ లేదు.

అయితే ఆ రెండేళ్ళలో జరిగిన ఒక సంగతి ఏ స్లైడులోనూ ఉండదు. ఎలిస్ ఆమ్స్‌డెన్ అనే ఆర్థికవేత్త కొరియా పారిశ్రామికీకరణ మీద 1989లో రాసిన పుస్తకంలో చెప్తుంది. డ్రాయింగులు స్కాట్లండ్‌లోని స్కాట్ లిత్‌గో కంపెనీ నుంచి కొన్నారు. ఆ కంపెనీకి అంత పెద్ద ఓడ మొత్తాన్ని ఒకేసారి కట్టే చోటు లేదు. అందుకని ఓడని రెండు సగాలుగా కట్టి తర్వాత అతికేవాళ్ళు. ఉల్సాన్‌లో అలా కట్టాల్సిన అవసరమే లేదు, డాక్ పెద్దది. కానీ డ్రాయింగులో అలా ఉంది కాబట్టి వీళ్ళూ రెండు సగాలుగానే కట్టారు. తీరా చూస్తే రెండు సగాలూ ఒకదానికొకటి అతకలేదు!

ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, వెంటనే నవ్వు ఆగిపోయింది. ఎక్కడినుంచో కోడ్ కాపీ చేసి, అందులో వాడి సిస్టమ్‌కి మాత్రమే అవసరమైన ఒక కిటుకుని మన దాంట్లోకి కూడా మోసుకొచ్చి, అదెందుకుందో తెలీక మూడు రాత్రులు కూర్చున్న అనుభవం లేనివాడు మన ఫీల్డులో ఎవడైనా ఉన్నాడా?

తేడా ఎక్కడంటే, తర్వాత వాళ్ళేం చేశారన్న దగ్గర. డ్రాయింగు కొనుక్కోవడం వేరు, అందులో ప్రతి గీత ఎందుకుందో తెలియడం వేరు అని వాళ్ళకి అర్థమైంది. ఒక్కళ్ళనే నమ్ముకోకుండా స్కాట్లండ్ నుంచి కొంత, జపాన్ కవాసాకి నుంచి కొంత నేర్చుకున్నారు. మనుషుల్ని అక్కడికి పంపి పని చూపించి తెచ్చుకున్నారు. తర్వాత సొంత డిజైన్ విభాగం. 1970ల చివర్లో ఇంజన్ల ఫ్యాక్టరీ, అదీ విదేశీ లైసెన్సు మీదే. ఆ లైసెన్సు కింద ఇరవై ఏళ్ళు ఇంజన్లు చేశాక, 2000ల మొదట్లో హిమ్సెన్ అనే సొంత ఇంజను తెచ్చారు. అంతా అయిపోయిందని కాదు. ఎల్‌ఎన్‌జీ ఓడల్లో గ్యాసు నిలవుంచే ట్యాంకుల టెక్నాలజీకి కొరియా యార్డులు ఇప్పటికీ జీటీటీ అనే ఫ్రెంచి కంపెనీకి లైసెన్సు ఫీజు కడుతూనే ఉన్నాయి. నేర్చుకోవడం ఇంత నిదానంగా జరుగుతుంది. దీన్ని స్లైడులో పెట్టడం కష్టం, బొమ్మ బాగుండదు.

యార్డు పూర్తవకముందే 1973 అక్టోబర్‌లో ఆయిల్ సంక్షోభం వచ్చింది. పెద్ద ట్యాంకర్లు అడిగే దిక్కు లేదు. ఆర్డర్లు రద్దయ్యాయి, కట్టిన ట్యాంకర్లు కొన్ని కొనేవాళ్ళు లేక యార్డులోనే మిగిలిపోయాయి. మామూలు కంపెనీ అయితే అక్కడితో మూత. కానీ కొరియాకి దిగుమతయ్యే క్రూడాయిల్ కొరియా ఓడల్లోనే రావాలని ప్రభుత్వం పద్ధతి పెట్టింది. చుంగ్ ఆ మిగిలిన ట్యాంకర్లతో 1976లో ఒక షిప్పింగ్ కంపెనీ పెట్టేశాడు. ఇవాళ హెచ్‌ఎమ్‌ఎమ్ పేరుతో సముద్రాల మీద కనపడే కంటైనర్ ఓడల కంపెనీ పుట్టింది అలాగే. అదే ఏడు సౌదీలోని జుబైల్ రేవు కాంట్రాక్టు వచ్చింది, 90 కోట్ల డాలర్లకు పైగా. దానికి కావలసిన ఉక్కు నిర్మాణాల్ని ఉల్సాన్‌లో చేసి బార్జీల మీద గల్ఫ్ దాకా లాక్కెళ్ళారు. 1983 నాటికి ప్రపంచంలో నంబర్ వన్.

ఇప్పుడు కర్ర సంగతి.

నామకరణం పండగ జరిగి మూడు నెలలు కూడా కాలేదు, 1974 సెప్టెంబర్ 19న అదే యార్డులో కార్మికులు తిరగబడ్డారు. రెండు మూడు వేల మంది. కారణం ఏంటో తెలుసా? వాళ్ళని కంపెనీ ఉద్యోగాల్లోంచి తీసి కాంట్రాక్టు కిందికి మార్చబోయారు. మన బెంచీ, మన థర్డ్ పార్టీ పేరోల్... కొత్త కథలేం కావు. పోలీసులొచ్చి అణిచేశారు. యూనియన్ అన్న మాట మళ్ళీ పదమూడేళ్ళు వినపడలేదు.

ఆ పదమూడేళ్ళూ అక్కడ పద్ధతి ఎలా ఉండేదంటే, పొద్దున గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ళు జుట్టు పొడుగు చూసేవాళ్ళు. ఎక్కువుంటే అక్కడికక్కడే కత్తిరించేవాళ్ళు. పెళ్ళయి పిల్లలున్న వెల్డర్లకి, ఫిట్టర్లకి! 1987 జూన్‌లో ప్రజా ఉద్యమం దెబ్బకి మిలిటరీ ప్రభుత్వం ఎన్నికలకి ఒప్పుకుంది. వారం తిరక్కుండా జూలై 5న ఉల్సాన్‌లోనే, హ్యుందాయ్ ఇంజను కంపెనీలో మొదటి యూనియన్ పుట్టింది. ఆ నెలాఖరుకి షిప్‌యార్డు కూడా కదిలింది. వాళ్ళ డిమాండ్లలో జీతంతో పాటు ఏముందో చూడండి: మా జుట్టు మా ఇష్టానికి వదిలెయ్యండి. ఆగస్టు 18న ఉల్సాన్ వీధుల్లో వేలాది మంది ఫోర్క్‌లిఫ్టులూ, డంపు ట్రక్కులూ ముందు పెట్టుకుని ఊరేగింపు తీశారు. 1988 డిసెంబర్లో మొదలైన సమ్మె 128 రోజులు నడిచింది. 1989 మార్చి 30న పోలీసులు నేల మీంచీ, సముద్రం మీంచీ, హెలికాప్టర్లతో ఆకాశం మీంచీ వచ్చారు. 1990 ఏప్రిల్లో కొంతమంది 82 మీటర్ల ఎత్తు గోలియత్ క్రేన్ ఎక్కి దాదాపు రెండు వారాలు దిగలేదు. ఇక యాక్సిడెంట్ల సంగతి. యార్డు పుట్టినప్పటి నుంచి 2020 దాకా పనిలో చనిపోయినవాళ్ళ లెక్క నాలుగొందలు దాటింది.

ఇదంతా జాలి కోసం చెప్పట్లేదు. మా క్యాంటీన్ వాదానికి జవాబు ఇక్కడే ఉంది.

కర్ర వల్లే ఓడలు తయారయ్యాయి అన్నది నిజమైతే, 1987లో కర్ర విరిగాక యార్డు కుప్పకూలాలి. జీతాలు బాగా పెరిగాయి, యూనియన్ వచ్చింది, జుట్టు పెరిగింది. కంపెనీ కూలిందా? ఓడల ఆర్డర్లలో కొరియా జపాన్‌ని దాటింది 2000 ప్రాంతంలో, అంటే యూనియన్లు వచ్చిన పుష్కరం తర్వాత! ఇంకో వైపు నుంచి చూసినా అంతే. నియంత ఉంటే చాలనుకుంటే, అదే రోజుల్లో ఫిలిప్పీన్స్‌లో మార్కోస్ ఉన్నాడు. అక్కడ ఏ ఉల్సానూ లేవలేదు. పార్క్ కర్ర పట్టుకున్న మాట నిజమే. ఆమ్స్‌డెన్ చెప్పేదేంటంటే, ఆ కర్ర కంపెనీల నెత్తిన కూడా ఉండేది. చౌక అప్పు తీసుకున్నవాడు ఎగుమతి చేసి చూపించాలి, లేకపోతే తర్వాతి అప్పు లేదు. మనవాళ్ళు కొరియా అనగానే కార్మికుడి నెత్తిన పడ్డ కర్ర గుర్తు చేసుకుంటారు గానీ, రెండోది ఎవరికీ గుర్తు రాదు.

మరి మనకేమైంది అన్న ప్రశ్న మిగులుతుంది. వైజాగ్ పేరెత్తకుండా ఈ కథ చెప్పడం మన తెలుగువాళ్ళకి కుదరదు. వాల్‌చంద్ హీరాచంద్ సింధియా కంపెనీ 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ చేత వైజాగ్‌లో షిప్‌యార్డుకి శంకుస్థాపన చేయించింది. మరుసటి ఏడు ఏప్రిల్లో జపాన్ వాళ్ళు వైజాగ్ మీద బాంబులేసినా పని చచ్చిపోలేదు. 1948 మార్చి 14న 'జల ఉష' ఓడని నెహ్రూ నీళ్ళలోకి దింపాడు. అప్పటికి ఉల్సాన్‌లో ఏముంది? ఇసక. ఇంకో ఇరవై నాలుగేళ్ళ పాటు ఇసకే. అంటే మనం వెనక మొదలుపెట్టిన వాళ్ళం కాదు, పాతికేళ్ళు ముందు మొదలుపెట్టిన వాళ్ళం.

ఉక్కు సంగతి చూస్తే ఇంకా బాధేస్తుంది. విశాఖ ఉక్కు కోసం 1966లో 32 మంది ప్రాణాలు పోయాయి. 1971 జనవరిలో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసింది. పోహాంగ్‌లో పని మొదలైంది 1970 ఏప్రిల్లో. అంటే తొమ్మిది నెలలే తేడా. పోహాంగ్ 1973లో ఉక్కు పోసింది. విశాఖలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగింది 1990లో. వెలిగాక కూడా అక్కడ తయారయ్యేది కడ్డీలు, రాడ్లు, స్ట్రక్చరల్స్. ఓడకి కావలసినవి ప్లేట్లు. ఒకే ఊళ్ళో షిప్‌యార్డూ, స్టీల్‌ప్లాంటూ పెట్టుకుని, ఒకదాని సరుకు ఇంకోదానికి పనికిరాకుండా పెట్టుకున్నాం! ఇక్కడ కూడా రెండు సగాలు అతకలేదు. ఉల్సాన్ వాళ్ళు అతకని ఓడని కోసి సరిచేసి అతికారు, తర్వాతి ఓడకి పద్ధతి మార్చారు. మనం రెండు సగాల్నీ అలాగే పక్కపక్కన ఉంచేశాం. ఇందులో డెమోక్రసీ తప్పేముంది? ప్లేట్ల మిల్లు పెట్టొద్దని ఏ ఓటరూ అడ్డుపడలేదే!

ఉల్సాన్ కథ సుఖాంతం అనుకోకండి. 2002లో స్వీడన్‌లోని మాల్మో ఊళ్ళో మూతపడ్డ కోకమ్స్ యార్డు క్రేన్‌ని హ్యుందాయ్ ఒక్క డాలరుకి కొని, విప్పి ఉల్సాన్‌కి తెచ్చుకుంది. దాదాపు 140 మీటర్ల క్రేన్ ఓడెక్కి వెళ్ళిపోతుంటే మాల్మో జనం ఒడ్డున నిలబడి కళ్ళు తుడుచుకున్నారట. కొరియాలో దానికి 'మాల్మో కన్నీళ్ళు' అని పేరొచ్చింది. పుష్కరం తిరిగేసరికి చైనా ముందుకొచ్చేసింది. 2014లో కంపెనీకి 3 లక్షల కోట్ల వోన్లకు పైగా నష్టం. వేల ఉద్యోగాలు పోయాయి. 2017 జూలైలో గున్‌సాన్ యార్డు మూతపడి, అక్కడి క్రేన్ కూడా ఖాళీగా నిలబడింది. 2022 అక్టోబర్లో మళ్ళీ తెరిచారు గానీ ఓడలు కాదు, ఓడ ముక్కలు చెయ్యడానికి. 1974లో ఏ కాంట్రాక్టు పద్ధతి మీద తిరగబడ్డారో, 2010లు వచ్చేసరికి అదే పద్ధతి కింద పని చేసేవాళ్ళు సొంత కార్మికుల కన్నా ఎక్కువయ్యారు.

చుంగ్ మాత్రం తన బాకీ ఒకటి తీర్చుకున్నాడు. 1998లో, 82 ఏళ్ళ వయసులో, ట్రక్కుల్లో ఆవుల్ని ఎక్కించుకుని సరిహద్దు దాటి ఉత్తర కొరియా వెళ్ళాడు. రెండు విడతల్లో 1001 ఆవులు. నాన్న ఒక్క ఆవు డబ్బుకి వడ్డీతో సహా. 2001లో పోయాడు. గేటు దగ్గర కత్తెరకి బలైన జుట్టు లెక్క ఎవరు తీర్చారో నాకు ఎక్కడా కనపడలేదు.

మన ఫీల్డు వాళ్ళకి ఈ కథ ఎందుకు పనికొస్తుందంటే, మనం ముప్ఫై ఏళ్ళకి పైగా ఎవరో గీసిచ్చిన డ్రాయింగులకే ఓడలు కడుతున్నాం. బాగానే కడుతున్నాం, టైముకి ఇస్తున్నాం. డ్రాయింగులో గీత ఎందుకుందని అడిగితే 'రిక్వైర్‌మెంట్‌లో అలా ఉంది' అనే జవాబుకి అలవాటు పడ్డాం. ఆ జవాబు మార్చడానికి నియంత అక్కర్లేదు, కర్ర అక్కర్లేదు. అతకని రోజున కూర్చుని ఎందుకు అతకలేదో తేల్చుకునే ఓపికా, ఆ టైముకి డబ్బు పెట్టే యజమానీ కావాలి. రెండోది లేదని మనం రోజూ తిట్టుకుంటాం. మొదటిది మాత్రం మన చేతిలోదే అనుకుంటున్నాను.

వచ్చే ఏడు ట్రైనింగులో మళ్ళీ అదే నోటు స్లైడు వస్తే లేచి నిలబడి "సార్, ఆ రెండు సగాలు అతకలేదంట కదా, తర్వాత ఏం చేశారు?" అని అడగాలని ఉంది. అడుగుతానో లేదో చూడాలి. ట్రైనింగు ఎప్పుడూ అప్రైజల్ నెలలోనే పెడతారు మరి.